కొత్త అమావాస్య రాత్రి చూసిన రెండు మసకలు: ఎం81 గుంపులో ఇంకా ఎవరెవరున్నారు?

పటమట డాబా
అందరికీ ఉగాది శుభాకాంక్షలు. మొన్న కొత్త అమావాస్య రాత్రి మా ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపును కారు వెనక సీట్లో పడుకోబెట్టి, రెడ్డిగూడెం దగ్గర మా పెదనాన్నగారి మామిడితోటకు వెళ్లాం, నేనూ మా అబ్బాయీ. బోరు దగ్గరి లైటు ఆర్పించి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అరగంట నులకమంచం మీద కూర్చున్నాం. పటమటలో మా డాబా మీద నుంచి సప్తర్షుల్లో ఏడుగురూ కనిపిస్తే అదే గొప్ప. తోటలో వాళ్ల మధ్య ఖాళీల్లో కూడా చుక్కలున్నాయి.

పది దాటాక ఎం81, ఎం82 అనే రెండు గెలాక్సీలూ దొరికాయి. 25 ఎం.ఎం. ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, రెండూ ఒకేసారి పట్టాయి. ఒకటి కోడిగుడ్డు ఆకారం. మధ్యలో గట్టి వెలుగు, చుట్టూ అద్దం మీద నోటి ఆవిరి పట్టినట్టు. రెండోది సన్నగా పొడుగ్గా, నడుము దగ్గర చిన్న నల్లటి గాటుతో. మొదటిది ఎం81, రెండోది ఎం82. మా వాడు ఐపీస్ దగ్గర నుంచి పది నిమిషాలు కదలలేదు.

ఇంటికొచ్చాక వాడి ప్రశ్నలు మొదలయ్యాయి. నాకు తెలిసినంత చెప్పాను, మిగిలినవి ఇక్కడ పెడుతున్నాను. ఈ రెండూ నిజంగా పక్కపక్కన ఉన్నవేనా, లేక మన చూపుకు అలా కలిసి కనిపిస్తున్నాయా? ఎం81 చుట్టూ ఉన్న ఈ గెలాక్సీల గుంపులో మా టెలిస్కోపుకు అందే గెలాక్సీలు ఇంకా ఏమున్నాయి?

మైలవరం తోట
అక్కా, మంచి చోటికే వెళ్లారు. ఇది చాలామంది గమనించని సంగతి: ఎం81 ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఊరికి ఉత్తరంగా వెళ్లాలి. అప్పుడు విజయవాడ వెలుగంతా మన వీపు వెనక పడిపోతుంది. చీకటి కోసం సూర్యలంక పోయేవాళ్లున్నారు. దక్షిణాన సముద్రం మీద ఆకాశం బాగుంటుంది గానీ ఈ గుంపు కోసం వెనక్కి తిరిగితే బాపట్ల దీపాలే ఎదురు. కొండపల్లి కొండ మీద నుంచి ఒకసారి ప్రయత్నించాను, థర్మల్ స్టేషన్ లైట్లతో లాభం లేదు.

మనం 16న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఎం81 బాగా పైకి వచ్చినప్పుడు కూడా ఉత్తర దిక్కున 37 డిగ్రీల ఎత్తే. నెత్తిమీదికి ఎప్పటికీ రాదు. మార్చి మూడో వారంలో రాత్రి పది గంటలకు, ఏప్రిల్ మొదటి వారంలో తొమ్మిదికి ఆ ఎత్తుకు వస్తుంది. ఉగాది ఎప్పుడొచ్చినా అమావాస్య పక్కనే వస్తుంది కదా, చంద్రుడి అడ్డు ఉండదు. నా వరకు ఈ గుంపు ఉగాది గుంపే.

మిర్చి కల్లం
ఎలా వెతికారో కూడా చెప్పండి మేడమ్. నా దగ్గర 10x50 బైనాక్యులర్లే ఉన్నాయి. ఈ నెలంతా మేం ప్రత్తిపాడు వైపు కల్లంలోనే పడుకుంటున్నాం, కాయ ఆరబోసి ఉంది, కాపలా తప్పదు. రాత్రంతా ఆకాశం కిందే గానీ ఏది ఎక్కడుందో తెలీదు.

పటమట డాబా
తమ్ముడూ, మా తాతమ్మ సప్తర్షుల్లో నాలుగు చుక్కల్ని మంచం కోళ్లు అనేది. ఆ లెక్కలోనే చెప్తాను. ఉత్తరానికి తిరిగి నిలబడు. మంచానికి ధ్రువుడి వైపున్న కోడు క్రతువు. దానికి ఎదురు మూలన, తోక మొదలయ్యే కోడుకు పక్కనున్న కోడు పులస్త్యుడు. పులస్త్యుడి నుంచి క్రతువు దాకా కళ్లతో ఒక గీత గీయి. చెయ్యి చాచి పిడికిలి పడితే ఆ పిడికిలంత దూరం ఉంటుంది. గీతను అదే వరసలో ఇంకో పిడికిలంత ముందుకు లాగు. ఈ రోజుల్లో తొమ్మిదీ పదింటప్పుడు అది కిందికి, ఎడమ చేతి వైపు పోతుంది. అక్కడ మెల్లగా వెతుకు. చూపు నలుసంత కూడా కదలకుండా ఉండాలి, కాబట్టి బైనాక్యులర్లను దేనికైనా ఆనించి పట్టుకో.

మైలవరం తోట
దానికి తోడు ఇంకొకటి. సూటిగా చూడొద్దు. కొంచెం పక్కకు చూస్తూ ఓరకంట పట్టుకోవాలి. మసక వస్తువులు ఓరచూపుకే చిక్కుతాయి. మన కంటిలో చీకటి చూపు బలం నడిమధ్యన ఉండదు, చుట్టూ ఉంటుంది.

బ్రాడీపేట ఫిజిక్స్ మేష్టారు
అమ్మా, మీ అబ్బాయి అడిగింది అసలైన ప్రశ్న. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవమనండి.

ఈ రెండింటినీ మొదట చూసినవాడు జర్మనీకి చెందిన యోహాన్ బోడే, 1774 డిసెంబరు 31 రాత్రి. ఆయనకు అవి పక్కపక్కన ఉన్న రెండు మసకలు మాత్రమే. ఆ తరవాత రెండు శతాబ్దాల దాకా మామూలు కాంతిలో ఎంత పెద్ద టెలిస్కోపుతో ఫొటో తీసినా వాటి మధ్య పెద్దగా ఏమీ కనబడలేదు. మధ్యనున్నది చల్లని హైడ్రోజన్ వాయువు. అది కంటికి కనిపించే కాంతినివ్వదు. 21 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాన్ని మాత్రం విడుస్తుంది. 1994లో మిన్ యున్, పాల్ హో, కె.వై. లో అనే ముగ్గురు అమెరికాలో న్యూ మెక్సికో ఎడారిలోని 27 రేడియో డిష్‌లతో ఆ తరంగాన్ని పట్టి పటం గీశారు. ఎం81 నుంచి ఎం82కు, అక్కడి నుంచి ఎన్‌జీసీ 3077 అనే మూడో గెలాక్సీకి హైడ్రోజన్ తీగలు సాగి ఉన్నాయి. కవ్వం తిప్పి పైకెత్తినప్పుడు వెన్న సాగినట్టు. ఫొటోలో మూడు వేరువేరు గెలాక్సీలు. రేడియోలో ఒకే చిక్కు.

అంటే అవి దారిలో ఎదురుపడి పలకరించుకుని వెళ్లిపోయినవి కావు. కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట ఎం82, ఎన్‌జీసీ 3077 రెండూ ఎం81కు బాగా దగ్గరగా వచ్చిపోయాయి. ఎం81 వాటికన్నా చాలా బరువైనది, వాటి వాయువును గుంజింది. కాబట్టి మీ వాడికి ధైర్యంగా చెప్పండి: అవి నిజంగా పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఇలాంటి రేడియో పటాలు గీయగల పరికరం మన దేశంలోనూ ఉంది. పుణె దగ్గర ఖోడద్‌లో ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు అటు పోయినప్పుడు దారి మళ్లించి దూరం నుంచైనా చూపించండి.

కృష్ణలంక ఇంటర్
సార్, ఎం82 చుట్ట ఆకారంలో ఎందుకుంది? మా పుస్తకంలో గెలాక్సీ అంటే చక్రం బొమ్మే ఉంది.

బ్రాడీపేట ఫిజిక్స్ మేష్టారు
అదీ చక్రమే బాబూ, మనకు అంచు వైపు నుంచి కనిపిస్తోంది. పళ్లేన్ని కంటికి సమానంగా పట్టుకుంటే గీతలాగే కనిపిస్తుంది కదా. దాన్ని చాలాకాలం ఏ ఆకారమూ లేని గెలాక్సీల లెక్కలో వేశారు. 2005లో ఇన్‌ఫ్రారెడ్ చిత్రాల్లో ధూళి వెనక దాక్కున్న రెండు సర్పిల చేతులు బయటపడ్డాయి.

ఇంగ్లీషువాళ్లు దాన్ని సిగార్ గెలాక్సీ అంటారు. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్లకు చుట్ట అంటే వెంటనే అర్థమవుతుంది. అయితే ఈ చుట్టకు పొగ కొసనుంచి రాదు, నడుములోంచి పైకీ కిందికీ చిమ్ముతుంది. 1963లో లిండ్స్, సాండేజ్ ఆ ఎర్రటి వాయు పోగుల్ని కొలిచి, మధ్యలో పెద్ద పేలుడు జరిగిందన్నారు. తరవాత తెలిసింది ఏమిటంటే ఒక్క పేలుడు కాదు. ఎం81 లాగినప్పుడు వాయువు మధ్యలోకి జారి కుప్పపడింది, ఆ కుప్పలో నక్షత్రాలు మన పాలపుంతలో కన్నా పది రెట్లు వేగంగా పుడుతున్నాయి. పెద్ద నక్షత్రాలు త్వరగా పుట్టి త్వరగా పేలిపోతాయి. వేలకొద్దీ పేలుళ్ల వేడి కలిసి గాలిదుమారమై వాయువును బయటికి తోసేస్తోంది. పటమట డాబా గారు చూసిన ఆ నల్లటి గాటు నడుముకు అడ్డంగా పరుచుకున్న ధూళి.

తెనాలి కెమెరా
గత రెండేళ్లుగా ఈ గుంపును ఫొటో తీస్తున్నాను. వినుకొండ దాటాక ఒక తెలిసినవాళ్ల పొలంలో మూడు రాత్రుల్లో మొత్తం తొమ్మిది గంటల ఎక్స్‌పోజర్ తీశాను. బాగా లాగి ప్రాసెస్ చేస్తే ఎం81 చుట్టూ, ఎం82 దాకా లేత పొగలాంటి తెరలు కనిపిస్తున్నాయి. మేష్టారు చెప్పిన తీగలు ఇవే. రేడియోకే కాదు, మామూలు కెమెరాకూ దొరుకుతాయని నా ఫొటో చూపిస్తోంది.

సత్తెనపల్లి రాత్రి
అన్నా, ఫొటో అద్భుతంగా ఉంది. తొమ్మిది గంటల కష్టం కనిపిస్తోంది. కానీ ఆ పొగ ఎం81ది కాదు. మన పాలపుంతదే.

ఎం81 పక్కన వలయంలా కనబడే ఒక ముక్కను 1965లో హాల్టన్ ఆర్ప్ గుర్తించి, ఎం81 నుంచి చీలిపోయినదై ఉంటుందనుకున్నారు. తరవాతి పరిశీలనల్లో ఆ ధూళిలో చాలావరకు మనకూ ఎం81కీ మధ్య, మన పాలపుంత చక్రానికి కాస్త పైన తేలుతున్నదని తేలింది. పాలపుంతలోని నక్షత్రాలన్నిటి వెలుగూ దానిమీద పడి అలా మసగ్గా మెరుస్తుంది. మన వాకిట్లో పొగమంచు లోంచి ఎదురింటి దీపం చూస్తున్నట్టన్నమాట. దీపానికీ పొగమంచుకూ సంబంధం లేదు. హైడ్రోజన్ తీగలు వేరు, ఇవి వేరు.

తెనాలి కెమెరా
ఇప్పుడే నా ఫ్రేము మొత్తం మళ్లీ తెరిచి చూశాను. నువ్వన్నది నిజం. ఎం81కు దూరంగా, ఏ గెలాక్సీ లేని మూలల్లో కూడా అదే పొగ అదే తీరున ఉంది. గుంపుదే అయితే అంత దూరం సమానంగా పరుచుకోదు. ఫొటో కింద రాసిన వివరణ మారుస్తాను. ధన్యవాదాలు తమ్ముడూ.

కృష్ణలంక ఇంటర్
ఇంకో డౌటు. విశ్వం విస్తరిస్తోంది, గెలాక్సీలన్నీ దూరం జరుగుతున్నాయి అని చదువుకున్నాం. కానీ ఎం81 సెకనుకు 34 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తున్నట్టు ఒక పట్టికలో ఉంది. ఎం82 మాత్రం సెకనుకు 200 కిలోమీటర్లు దూరం పోతోంది. పక్కపక్కనే ఉన్నవి ఒకటి ఇటు, ఒకటి అటు ఎలా వెళ్తాయి? నిన్నటి నుంచి ఇదే టెన్షన్.

బ్రాడీపేట ఫిజిక్స్ మేష్టారు
టెన్షన్ పడాల్సిన పనిలేదు, పట్టికలో అంకెలు సరైనవే. ముందు మన సంగతి చూద్దాం. నువ్వు గుంటూరు బస్సులో ముందు సీట్లో కూర్చున్నావు. రోడ్డు మీద ఒక మనిషి నీకు వీపు పెట్టి ముందుకు నడుస్తున్నాడు. అతను నీ నుంచి దూరంగానే పోతున్నాడు, అయినా బస్సులోంచి చూస్తే దగ్గరికొస్తున్నట్టే ఉంటుంది. మన బస్సు సూర్యుడు. పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు 220 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతున్నాడు. ఆ పరుగులో దాదాపు సగం ఎం81 ఉన్న దిక్కుకు పడుతుంది, అంటే వంద కిలోమీటర్ల పైచిలుకు. అది తీసేస్తే ఎం81 మన నుంచి దూరం జరుగుతున్నదే.

ఇప్పుడు రెండో సంగతి. అంత దూరంలో ఉన్నదానికి విస్తరణ వల్ల రావలసిన వేగం సెకనుకు దాదాపు 250 కిలోమీటర్లు. గుంపు మొత్తానికి అటూఇటూగా అదే వర్తిస్తుంది. కానీ గుంపులోని సభ్యులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఆ తిరుగుడు వేగం వందల కిలోమీటర్లలో ఉంటుంది. ఆ తిరుగుడులో ఎం81 ఇప్పుడు మన వైపు వస్తోంది, ఎం82 అవతలికి పోతోంది. దగ్గరున్న గుంపుల్లో విస్తరణ వేగం తక్కువ కాబట్టి లోపలి కదలికలు దాన్ని కప్పేస్తాయి. దూరం పోయేకొద్దీ విస్తరణదే పైచేయి. మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మన వైపు రావడం కూడా ఇలాంటిదే.

ఒక సంగతి మనసులో పెట్టుకో. గురుత్వాకర్షణ గట్టిగా పట్టుకున్న గుంపు లోపల విస్తరణ జరగదు. గుంపుకూ గుంపుకూ మధ్యే దూరం పెరుగుతుంది.

కృష్ణలంక ఇంటర్
బస్సు ఉదాహరణతో అర్థమైంది సార్. రేపు మా క్లాసులో చెప్తాను.

పటమట డాబా
మేష్టారూ, "అంత దూరం" అన్నారు. ఎంతని ఎలా తెలిసింది? మా వాడు టేపు పెట్టి కొలిచారా అంటున్నాడు.

సత్తెనపల్లి రాత్రి
నేను చెప్తాను అక్కా, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. టేపు కాదు గానీ టేపులాంటి నక్షత్రాలున్నాయి. సెఫీడ్ అనే రకం నక్షత్రాలు ఒక పద్ధతిగా వెలిగి, మసకబారి, మళ్లీ వెలుగుతాయి. ఆ చక్రానికి ఎంత ఎక్కువ రోజులు పడితే నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ అని హెన్రియెటా లీవిట్ 1912లో కనిపెట్టారు. రోజులు లెక్కపెడితే అసలు వెలుగు తెలుస్తుంది. మనకు చేరిన వెలుగుతో పోలిస్తే దూరం వచ్చేస్తుంది. దూరం నుంచి వస్తున్న బండి హెడ్‌లైట్ మనకెంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం అంచనా వేసినట్టు.

మన పాలపుంత, ఆండ్రోమెడా ఉన్న స్థానిక గుంపుకు బయట మొట్టమొదట సెఫీడ్లు దొరికింది ఈ ఎం81 గుంపులోనే. ఎన్‌జీసీ 2403లో. 1968లో టామన్, సాండేజ్ ప్రకటించారు. 1994లో వెండీ ఫ్రీడ్‌మన్ బృందం హబుల్ టెలిస్కోపుతో ఎం81లోని సెఫీడ్లను కొలిచి దాదాపు కోటీ 18 లక్షల కాంతి సంవత్సరాలని తేల్చింది. ఆండ్రోమెడా 25 లక్షలు, దానికి దాదాపు ఐదు రెట్లన్నమాట. అంత దూరం నుంచి వచ్చిన వెలుగు మీ ఎనిమిది అంగుళాల అద్దం మీద పడింది.

చుట్టుగుంట పాత కాపు
చాలా రోజుల తరవాత ఇక్కడికి వచ్చాను. ఎం82 పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. 2014 జనవరి 21న లండన్‌లోని ఒక యూనివర్సిటీ అబ్జర్వేటరీలో స్టీవ్ ఫోసీ నలుగురు విద్యార్థులకు టెలిస్కోపు వాడకం నేర్పుతున్నారు. మబ్బులు కమ్ముకొస్తున్నాయని గబగబా ఖాళీగా ఉన్న చోటికి తిప్పారు. అక్కడున్నది ఎం82. అందులో ఉండకూడని చోట ఒక చుక్క. అదొక సూపర్‌నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం. టైప్ 1ఏ అనే ఆ రకం నక్షత్రపు పేలుడు అంత దగ్గరలో జరిగి అప్పటికి చాలా ఏళ్లయింది.

ఆ ఫిబ్రవరిలో నా ఆరంగుళాల టెలిస్కోపుతో చూశాను. నూజివీడు దాటి మా బావమరిది ఇంటి డాబా మీద, అర్ధరాత్రి దాటాక, దుప్పటి కప్పుకుని. మసక గీత మీద సూదిమొన లాంటి చుక్క. నెల తరవాత వెళ్తే కష్టం మీద కనిపించింది, ఆ పై నెలలో నాకు దొరకలేదు. ఎం81లో కూడా 1993 మార్చిలో స్పెయిన్‌లో ఒక ఔత్సాహికుడు, ఫ్రాన్సిస్కో గార్సియా డియాజ్, ఒక సూపర్‌నోవాను కనిపెట్టాడు. మనలాంటి వాళ్లే. ఈ గుంపును నెలకోసారైనా చూడమని అందుకే చెప్తాను. చూసిన ప్రతిసారీ బొమ్మ గీసుకోండి. కొత్త చుక్క వస్తే పాత బొమ్మే పట్టిస్తుంది.

మిర్చి కల్లం
మేడమ్! రాత్రి దొరికింది! మంచం కోళ్ల గీత వాటంగా పనిచేసింది. బస్తాల వరస మీద మోచేతులు ఆనించి చూశాను. ఒకటే కనిపించింది, చిన్న మసక ముద్ద. రెండోది ఉందో లేదో చెప్పలేను. మా నాన్నకు చూపిస్తే, ఆయన ముందు ఏమీ లేదన్నారు. ఓరకంట చూడమన్నాను. ఒక్క క్షణం ఆగి "ఆఁ, ఉంది" అన్నారు. కాయ ఘాటుకు కళ్లు మండుతుంటే కాసేపాగి మళ్లీ మళ్లీ చూశాం.

మైలవరం తోట
నువ్వు చూసింది ఎం81. బైనాక్యులర్లలో ఎం82 ఇంకా మసక, ఆ సంగతికి దిగులు పడకు. కల్లంలోంచి ఎం81 పట్టావంటే నీ కళ్లు మంచివి.

పటమట అక్క రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. గుంపులో 30కి పైగా గెలాక్సీలున్నాయి గానీ ఎక్కువ భాగం మరుగుజ్జులు. మన టెలిస్కోపులకు అందేవి కొన్నే. ఎన్‌జీసీ 3077 తప్పక దొరుకుతుంది, ఎం81కి ఆగ్నేయంగా ముప్పావు డిగ్రీ. ఎన్‌జీసీ 2976 నైరుతిగా డిగ్రీన్నర లోపు, కాస్త కష్టపడాలి. ఎన్‌జీసీ 2403 చాలా అందమైనది గానీ 14 డిగ్రీల అవతల, పడమటి పక్కన. దాన్ని ఫిబ్రవరి చివర చూస్తే మంచి ఎత్తులో ఉంటుంది. ఐసీ 2574 కోసం నేను నాలుగేళ్లు తిరిగాను, వెలుగు పలచగా పరుచుకుని ఉంటుంది, ఎనిమిది అంగుళాల్లో చూశానని గట్టిగా చెప్పలేను.

సత్తెనపల్లి రాత్రి
కంటికి అందకపోయినా హోంబెర్గ్ 9 గురించి చెప్పాలి. ఎం81 ఒళ్లో ఉన్నట్టుంటుంది. అందులోని నక్షత్రాల్లో ఎక్కువ భాగం వయసు 20 కోట్ల ఏళ్ల లోపే. గెలాక్సీకి అది పసితనం. మేష్టారు చెప్పిన ఆ లాగులాటలో విసిరేసిన వాయువులోంచే అది పుట్టి ఉండొచ్చని చాలామంది ఖగోళ శాస్త్రవేత్తల అంచనా. తల్లిదండ్రులు కొట్లాడుకుంటే పిల్లలు చెదిరిపోతారంటాం, ఇక్కడ కొట్లాటలోంచి ఒక పిల్ల పుట్టింది.

తెనాలి కెమెరా
హోంబెర్గ్ 9 నా ఫ్రేములో ఉంది! ఇన్నాళ్లూ ఎం81 అంచు అనుకుని దాటేశాను. నీలం రంగు ముక్కలు ముక్కలుగా ఉంది. విడిగా కత్తిరించి పెడతాను.

పటమట డాబా
నెల తరవాత రాస్తున్నాను. చైత్ర అమావాస్యకు మళ్లీ తోటకెళ్లాం. ఈసారి ఎనిమిదిన్నరకే గుంపు మంచి ఎత్తులో ఉంది. మామిడికాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి, ఉత్తరం వైపు కొమ్మలు అడ్డొస్తుంటే టెలిస్కోపును రెండుసార్లు జరిపాం.

ఎం81ను మధ్యలో పెట్టి ఆగ్నేయానికి మెల్లగా తోశాను. రెండుసార్లు దాటిపోయింది. మూడోసారి మా వాడే చూశాడు, నాకన్నా ముందు. గుండ్రంగా, చిన్నగా, అంచులు చెరిపేసినట్టు. ఎన్‌జీసీ 3077. తరవాత నేనూ ఓరచూపుకు పట్టుకున్నాను. ఎన్‌జీసీ 2976 కోసం గంట వెతికాం, ఒకచోట ఏదో ఉన్నట్టనిపించింది, ఇద్దరికీ ఒకే చోట అనిపించలేదు కాబట్టి పుస్తకంలో రాసుకోలేదు.

చుట్టుగుంట గారు చెప్పినట్టు బొమ్మ గీశాం. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో మా వాడు గుండ్రం గీసి మూడు మసకలు దిద్దాడు. తరవాత పెన్సిలు పట్టుకుని ఆగి, "అమ్మా, మేష్టారు చెప్పిన హైడ్రోజన్ కూడా గీయొచ్చా? మనకు కనపళ్లేదు కదా" అన్నాడు. మేం చూసింది ముదురు గీతతో, చూడనిది చుక్కల గీతతో గీయమన్నాను. ఎం81 నుంచి ఎం82కు, అక్కడి నుంచి 3077కు చుక్కలు పెట్టాడు. కింద తేదీ వేసి, సమయం 9:10 అని రాశాడు.

మేష్టారూ, ఆ తీగలు ఏ వైపు వంపు తిరుగుతాయో చెప్పండి. వాడు అందాజుగా పెట్టాడు, సరిచేసుకుంటానంటున్నాడు.